వీధి నాటకానికీ ఒక చదువుంది

వీధి నాటకం అనే మాట తెలుగులో చాలా పాతది. సంస్కృత లాక్షణికులు చెప్పిన దశరూపకాల్లో 'వీధి' ఒకటి. ఓరుగల్లు వీధుల సందడిని వర్ణించిన క్రీడాభిరామానికి వీధి నాటకమనే పేరుంది. పల్లెల్లో మాత్రం ఈ మాటకు అర్థం ఇంకా సూటిగా ఉండేది. ఊరి నడివీధిలో దివిటీల వెలుగులో తెల్లవార్లూ ఆడే ఆటను వీధి నాటకమనో, వీధి భాగవతమనో పిలిచేవారు. ఇరవయ్యో శతాబ్ది చివరి పాదానికి అదే మాట మరో అర్థం తెచ్చుకుంది. నలుగురు కూడిన చోట డప్పు కొట్టి, గుండ్రంగా నిలబెట్టి, అరగంటలో ఒక సమస్యను ఆడి చూపించే నాటకానికి ఆ పేరు వచ్చింది.

ఈ రెండింటికీ కథలో, కాలంలో, వేషంలో పోలిక తక్కువ. రెండింటినీ కలిపేది శిక్షణ. వేదిక లేదు, తెర లేదు, టిక్కెట్టు లేదు కాబట్టి వీధిలో ఎవరైనా ఆడేయవచ్చన్న అపోహ ఒకటి చాలాకాలంగా ఉంది. చరిత్ర చూస్తే సంగతి వేరు. వీధిలో నిలిచిన ప్రతి కళాకారుడి వెనుకా ఏళ్ళ తరబడి సాగిన చదువు కనిపిస్తుంది. ఒక కాలంలో అది మేళంలో, ఒక కాలంలో శిబిరంలో, ఒక కాలంలో విశ్వవిద్యాలయంలో దొరికింది. ఆ చదువు దొరికిన చోటల్లా వీధి నాటకం వృత్తిగా నిలబడింది.

మేళమే బడి

పదమూడో శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తన కాలపు ఆటపాటలను వరుసగా పేర్కొన్నాడు. నాటకాలు, బొమ్మలాటలు, పలు రకాల వేషాలు ఆనాటికే జనం మధ్య ఉన్నాయని దాన్నిబట్టి తెలుస్తుంది. పదహారో శతాబ్దిలో కందుకూరి రుద్రకవి రాసిన సుగ్రీవ విజయం తొలి యక్షగానాల్లో ప్రసిద్ధమైనది. పాటగా మొదలైన యక్షగానం క్రమంగా పాత్రలను, దరువులను, సంవాదాలను చేర్చుకుని వీధికెక్కింది.

ఈ ఆటలాడినవారికి బడి వారి మేళమే. తెలంగాణలో చిందు భాగవతుల ఇళ్ళలో పిల్లలకు నడక వచ్చిన కొన్నేళ్ళకే కాళ్ళకు గజ్జెలు కట్టేవారు. మొదట బాలవేషాలు, తర్వాత చిన్న పాత్రలు, గొంతు స్థిరపడ్డాక రాజవేషాలు వరుసగా వచ్చేవి. ఆట మొదలయ్యే ముందు గంటల తరబడి సాగే అలంకరణ కూడా చదువులో భాగమే. అర్దళం అనే రంగురాయి నూరి ముఖానికి పూయడం, తేలికైన పొనికి కర్రతో కిరీటాలు, భుజకీర్తులు చెక్కడం, వాటికి అద్దం ముక్కలు అతకడం ఇంటివాళ్ళే చూసి చూసి నేర్చుకునేవారు. దివిటీ వెలుగు పడితే ఎంత దూరాన ఉన్నవాడికైనా పాత్ర కనబడాలి. అందుకే ఆ రంగులు అంత ముదురుగా, ఆ నగలు అంత పెద్దవిగా ఉంటాయి.

చిందు మేళాల్లో ఆడవాళ్ళూ వేషాలు కట్టారు. నిజామాబాద్ ప్రాంతానికి చెందిన చిందు ఎల్లమ్మ మగ పాత్రలను కూడా మెప్పించి ఆ కళకు దేశవ్యాప్తంగా పేరు తెచ్చింది. 2005లో ఆమె కన్నుమూసేనాటికి చిందు యక్షగానం విశ్వవిద్యాలయాల్లో పరిశోధనాంశమైంది. ఆమె నేర్చుకున్నది మాత్రం కుటుంబ మేళంలోనే.

మేళానికి బతుకుదెరువు కూడా ఒక పద్ధతి ప్రకారం నడిచేది. ఏ మేళం ఏ ఊళ్ళలో ఆడాలో మిరాశీ హక్కుగా ముందే నిర్ణయమై ఉండేది. ఆ ఊరి పోషక కులం ధాన్యం, బట్టలు, త్యాగం పేరుతో కట్నం ఇచ్చేది. కులవ్యవస్థ గీసిన గీతల లోపలే ఇదంతా జరిగేది. కళాకారుడికి అన్నం పెట్టిన ఆ గీతలే అతన్ని ఊరి అంచున కూడా నిలబెట్టాయి. ఈ రెండు నిజాలనూ కలిపి చూస్తే తప్ప వీధి భాగవతుల చరిత్ర పూర్తి కాదు.

మేళం నడిపించలేని చోట ఒంటరి కళాకారుడు పగటివేషం కట్టాడు. పట్టపగలు, దివిటీల సాయం లేకుండా, చూసేవాడి ముఖంలో ముఖం పెట్టి ఆడాల్సిన కళ అది. వేషం కట్టిన కులంవారి మాట, నడక, వృత్తిరహస్యాలు క్షుణ్ణంగా తెలిస్తేనే జనం నమ్ముతారు. పగటివేషాల్లో ఒకటైన పిట్టలదొర గొప్పలు విని ఊరంతా నవ్వేది. ఆ నవ్వులో అధికారుల డాబు మీద విసురు ఉండేది. వీధి నాటకానికి వ్యాఖ్యానించే గుణం అప్పటినుంచే ఉంది.

కూచిపూడి: గురుకులం నుంచి రాజసభకు

వీధి నాటకం పాలకుణ్ణి నిలదీసిన పాత తెలుగు ఉదంతం ఒకటి మాచుపల్లి కైఫీయతులో కనిపిస్తుంది. కల్నల్ కాలిన్ మెకంజీ సేకరింపజేసిన స్థానిక చరిత్రల్లో ఇదొకటి. సిద్ధవటం సీమను ఏలుతున్న సమ్మెట గురవరాజు పన్నుల కోసం ఆడవాళ్ళను చిత్రహింసలు పెట్టించడం ఆ దారిన వెళ్తున్న కూచిపూడి భాగవతులు చూశారు. తర్వాత విజయనగరంలో వీరనరసింహరాయల ముందు ప్రదర్శన ఇచ్చే అవకాశం వచ్చినప్పుడు, తాము చూసినదాన్నే వేషం కట్టి ఆడి చూపించారు. రాయలు విచారించి గురవరాజును శిక్షించాడని కైఫీయతు చెబుతుంది. పదహారో శతాబ్ది మొదటి సంవత్సరాల నాటి ముచ్చట ఇది. ఫిర్యాదు నోటితో చెబితే రాజు దాకా వెళ్ళేది కాదు. ఆటగా చెప్పబట్టి వెళ్ళింది.

ఆ భాగవతులకు అంత నేర్పు ఊరికే రాలేదు. కూచిపూడిలో పిల్లవాడికి అయిదారేళ్ళ వయసులో అడుగులతో పాఠం మొదలయ్యేది. జతులు, సంగీతం, తాళం, సంస్కృతాంధ్ర సాహిత్యం, వాచికం కలిపి నేర్పేవారు. కూచిపూడి నర్తకుడు ఆడటమే కాక పాడాలి, మాట్లాడాలి, సూత్రధారుడితో వాదించాలి. సిద్ధేంద్ర యోగి రచనగా చెప్పుకునే భామాకలాపంలో సత్యభామ పాత్ర ఆ చదువుకు పరీక్ష. ఇద్దరు మనుషులు పట్టుకున్న తెర వెనుక నిలబడి, పొడవాటి జడను తెర మీదుగా ముందుకు వేయడంతో పాత్ర ప్రవేశిస్తుంది. తనకు సాటి వచ్చే పండితుడు ఉంటే రమ్మన్న సవాలుగా ఆ జడను పెద్దలు వివరించేవారు. ఊరి భాగవతుల ఇళ్ళ మగపిల్లలందరూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్న కట్టుబాటు ఉండేది.

ఇంత శాస్త్రం చదివినవారు ఆడింది ఎక్కువగా గుళ్ళ ముందు, ఊళ్ళ కూడళ్ళలో. పంటలు ఇంటికి వచ్చాక మేళాలు ఊరూరా తిరిగేవి. శాస్త్రీయ శిక్షణ ఒక దారి, వీధి ప్రదర్శన మరో దారి అన్న విభజన ఆ రోజుల్లో లేదు. ఇరవయ్యో శతాబ్దిలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి వంటి గురువులు ఈ విద్యను కూచిపూడి హద్దులు దాటించారు, ఆడపిల్లలకూ నేర్పారు. స్వాతంత్ర్యం తర్వాత ఊళ్ళోనే సిద్ధేంద్ర కళాక్షేత్రం వెలిసింది. గురువు ఇంటి అరుగు మీది చదువు ధ్రువపత్రమిచ్చే చదువుగా మారింది. అదే సమయంలో కూచిపూడి వీధి నుంచి సభామందిరంలోకి కదిలింది.

తెర లేచింది, వీధి చిన్నబోయింది

1880లో ధార్వాడ నాటక సంఘం రాజమండ్రికి వచ్చింది. ఆ సంవత్సరమే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో వ్యవహార ధర్మబోధిని ఆడించారు. రంగుల తెరలు, ప్రవేశ రుసుము, వరుస కుర్చీలు ఉన్న నాటకశాల తెలుగు పట్టణాలకు కొత్తగా పరిచయమైంది. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదిని సభను నడిపారు. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ప్రదర్శితమైంది. ప్లీడర్లు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు వేషాలు కట్టడం గౌరవంగా మారింది. వీధి భాగవతం మాత్రం 'భాగోతం' అయి, చివరికి తిట్టుగా కూడా మిగిలింది.

ఈ మార్పులోనూ మేళం పద్ధతిని వదలనివారు సురభివారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కుటుంబం కీచకవధతో మొదలుపెట్టిన నాటకం తరతరాలుగా సాగింది. సురభి ఇంట పుట్టిన బిడ్డ ఉయ్యాలలో ఉండగానే రంగస్థలం ఎక్కుతుంది. నటన, పాట, హార్మోనియం, తెరలు రాయడం, దీపాల అమరిక అన్నీ ఇంటి పనులే. గుడారం వేసుకుని ఊరూరా తిరిగే ఆ జీవితం పాత మేళాలకు కొనసాగింపు.

మరోవైపు 1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు పోటీల ద్వారా ఔత్సాహిక నటులను తయారుచేసింది. చదువుకున్న యువకులకు నటన మీద ఆసక్తి పెరిగింది. వీరికి వీధి తెలియదు, వీధి భాగవతులకు వీరి రంగస్థలం తెలియదు. ఈ రెండు లోకాలను కలిపే పని 1940ల్లో జరిగింది.

ప్రజానాట్యమండలి శిబిరాలు

1943 మే నెలలో బొంబాయిలో ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్ ఏర్పడింది. ఆ సంవత్సరమే ఆంధ్రలో ప్రజానాట్యమండలి రూపుదిద్దుకుంది. దానికి ముఖ్య సారథి డాక్టర్ గరికపాటి రాజారావు. వైద్యుడై ఉండి నాటకానికి అంకితమైన ఆయన, కళాకారుణ్ణి తయారుచేయడమే ఉద్యమంలో సగం పని అని గ్రహించాడు. మండలి దళాలు జిల్లాల్లో శిక్షణ శిబిరాలు పెట్టాయి. రైతుకూలీలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు ఒకేచోట ఉండి కోలాటం, గొల్లసుద్దులు, పగటివేషాలు, వీధి భాగవతం, హరికథ, బుర్రకథ నేర్చుకున్నారు. నేర్పిన వారిలో పాతతరం వృత్తికళాకారులున్నారు. కొత్తగా చేరింది ఇతివృత్తం. బెంగాల్ కరువు, ఫాసిజం, జమీందారీ, నల్లబజారు ఆటల్లోకి వచ్చాయి.

ఈ చదువు ఫలితం షేక్ నాజర్‌లో కనిపిస్తుంది. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టిన నాజర్ చిన్నతనంలోనే నాటకాల్లో వేషాలు వేశాడు, సంగీతం నేర్చుకున్నాడు. బుర్రకథలోకి వచ్చేసరికి రాగం, అభినయం, అడుగు మూడూ ఆయన చేతిలో ఉన్నాయి. పాత జంగం కథ నుంచి వచ్చిన బుర్రకథకు ముగ్గురు కావాలి. నడుమ కథకుడు భుజాన తంబుర మీటుతూ, వేళ్ళకు తొడిగిన అందెలతో తాళం వేస్తూ, ముందుకూ వెనక్కూ అడుగులేస్తూ కథ నడుపుతాడు. రెండు పక్కలా గుమ్మెట వాయించే వంతలు ఉంటారు. ఒకరు రాజకీయం చెబుతారు, ఒకరు హాస్యం. కథ ఉద్రేకంలో ఉన్నప్పుడు హాస్యం వంత ఒక ప్రశ్న వేసి జనాన్ని నవ్విస్తాడు. ఆ నవ్వు ఆగకముందే రాజకీయం వంత నేటి సంగతి అందుకుంటాడు. కథకుడు తిరిగి పాటలోకి లాగుతాడు. ఎక్కడ ఎవరు వదలాలో, ఎవరు పట్టాలో తెలియడానికి ఏళ్ళ సాధన కావాలి.

నాజర్ పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు వంటి కథలను వేల జనం ముందు చెప్పాడు. ప్రభుత్వం 1986లో పద్మశ్రీ ఇచ్చింది. ఆయన ఆత్మకథ పేరు పింజారి. పుట్టిన కులాన్ని పేరుగా పెట్టుకున్న ఆ పుస్తకం ఒక వీధి కళాకారుడి చదువుకు నిలువెత్తు పత్రం.

మహిళలు వీధిలోకి రావడం ఈ కాలపు పెద్ద మలుపు. మోటూరి ఉదయం బృందం బుర్రకథ చెప్పింది. కొండపల్లి కోటేశ్వరమ్మ పాటలు పాడింది, నాటకాల్లో నటించింది. ఆడది గడప దాటి పాడితే నిందలు మోయాల్సిన రోజులవి. శిక్షణ ఇచ్చిన ధైర్యం, దళం ఇచ్చిన రక్షణ వాళ్ళను వేదిక మీద నిలబెట్టాయి.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన మాభూమి నాటకం తెలంగాణ రైతాంగ పోరాటాన్ని ఆంధ్ర జిల్లాల పల్లెలకు చేర్చింది. తెలంగాణలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, పిట్టలదొర వంటి రూపాలతో నిజాం పాలనను ఎదిరించే కథలల్లాడు. ఆంధ్ర ప్రాంతంలో ప్రభుత్వం ఈ కళ బలాన్ని త్వరగానే గుర్తించింది. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం చేతిలో ఉండనే ఉంది. మాభూమి నిషేధానికి గురైంది, దళాల మీద నిర్బంధం వచ్చింది. వలస పాలకులు చేసిన ఆ చట్టం 2018లో గానీ పూర్తిగా రద్దు కాలేదు.

దళాలు చెదిరినా చదువు వృథా పోలేదు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి, అల్లు రామలింగయ్య నటులుగా, తాతినేని ప్రకాశరావు దర్శకుడిగా, టి.చలపతిరావు సంగీత దర్శకుడిగా సినిమాల్లో స్థిరపడ్డారు. రాజారావు స్వయంగా 1953లో పుట్టిల్లు సినిమా తీసి జమునను పరిచయం చేశాడు. వీధిలో గొంతు సానబట్టుకున్నవారికి మైకు ముందు మాట్లాడటం కష్టం కాలేదు. మిక్కిలినేని నటనతో ఆగక జానపద కళారూపాల మీద పెద్ద గ్రంథాలు రాసి, తాను నేర్చుకున్న చదువును తర్వాతి తరానికి అప్పగించాడు.

గొంగడి, గజ్జె, గొంతు

1970ల్లో వీధి మళ్ళీ మేల్కొంది. 1972లో హైదరాబాద్ కేంద్రంగా జననాట్యమండలి ఏర్పడింది. తూప్రాన్‌లో 1949లో పుట్టిన గుమ్మడి విఠల్, గద్దర్‌గా ఆ మండలికి ముఖమయ్యాడు. అంతకుముందే ఆయనకు బుర్రకథ చెప్పిన అనుభవం ఉంది. గోచి, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాలికి గజ్జె ఆయన ఆహార్యం. అది పల్లె మనిషి వేషమే అయినా ప్రదర్శనలో ప్రతి అంగుళం లెక్క ప్రకారం నడిచేది. గొంగడి ఒకసారి తల్లి కొంగవుతుంది, ఒకసారి బిడ్డను చుట్టే పొత్తి అవుతుంది. కర్ర నాగలవుతుంది, తుపాకీ అవుతుంది. ఒక్క వస్తువుతో పది వస్తువులు చూపించడం వీధి భాగవతులు తరాలుగా నేర్పిన పాఠం. 1975 నుంచి కెనరా బ్యాంకులో గుమాస్తాగా పనిచేసిన గద్దర్ 1984లో ఉద్యోగం వదిలి పూర్తికాలం కళాకారుడయ్యాడు.

అదే 1984లో ఢిల్లీలో మరొకరు అలాంటి నిర్ణయమే తీసుకున్నారు. సఫ్దర్ హాష్మీ ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. చేసి, అధ్యాపకుడిగా, సమాచార అధికారిగా పనిచేసి, ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వీధి నాటకానికి పూర్తిగా అంకితమయ్యాడు. ఆయనా సహచరులూ కలిసి 1973లో స్థాపించిన జన నాట్య మంచ్ మొదట పెద్ద నాటకాలు ఆడేది. అత్యవసర పరిస్థితి తర్వాత కార్మిక సంఘాలకు వాటి ఖర్చు భరించే శక్తి లేకపోయింది. చిన్నది, చవకైనది, ఎక్కడికైనా మోసుకెళ్ళగలిగేది కావాల్సి వచ్చింది. 1978లో ఆడిన మెషీన్ అలా పుట్టింది. సైకిళ్ళు పెట్టుకునేందుకు చోటు, టీ తాగేందుకు క్యాంటీను అడిగిన కార్మికుల కథ అది. నటులు తామే యంత్రం భాగాలుగా మారి, చేతులు కాళ్ళు కదిలిస్తూ శబ్దం చేస్తారు. ఒక చోట యంత్రం ఆగిపోతుంది. పావుగంట కూడా పట్టని ఆ నాటకం దేశంలో వీధి నాటకానికి కొత్త వ్యాకరణం రాసింది.

బెంగాల్‌లో బాదల్ సర్కార్ మరో దారిలో అదే చోటికి చేరాడు. పట్టణ ప్రణాళికా ఇంజనీరుగా పనిచేసిన ఆయన, గ్రామీణ జానపద నాటకాన్ని, నగరపు తెరవేదిక (ప్రొసీనియం) నాటకాన్ని దాటిన 'మూడో రంగస్థలం' కావాలన్నాడు. ప్రేక్షకుడికీ నటుడికీ మధ్య ఎత్తు, దూరం, చీకటి ఉండకూడదన్నది ఆయన వాదం. నటుడి శరీరమే ముఖ్య సాధనం అయినప్పుడు శిక్షణ కూడా శరీరంతోనే మొదలవ్వాలని దేశమంతటా కార్యశాలలు నడిపాడు. తెలుగు కళాబృందాలు ఈ ఇద్దరి పద్ధతులనూ పాత భాగవత పద్ధతితో కలిపి వాడుకున్నాయి.

1989 జనవరి 1న ఢిల్లీ సమీపంలోని ఝండాపూర్‌లో హల్లా బోల్ నాటకం ఆడుతుండగా సఫ్దర్ బృందంపై దాడి జరిగింది. మరునాడు ఆయన ప్రాణాలు విడిచాడు. జనవరి 4న ఆయన భార్య మొలోయశ్రీ, సహనటులు అదే చోట నిలబడి ఆగిపోయిన నాటకాన్ని పూర్తిచేశారు. సఫ్దర్ పుట్టినరోజైన ఏప్రిల్ 12ను జాతీయ వీధి నాటక దినంగా తెలుగు నేలమీది బృందాలూ పాటిస్తున్నాయి.

విశ్వవిద్యాలయం తలుపులు

నటనను విశ్వవిద్యాలయ చదువుగా గుర్తించడం నెమ్మదిగా జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రారుగా ఉన్న కె.వి.గోపాలస్వామి విద్యార్థి నాటకాన్ని ప్రోత్సహించి, ప్రయోగాత్మక రంగస్థలానికి చోటిచ్చారు. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ, 1959లో జాతీయ నాటక విద్యాలయం వచ్చాయి. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడి, రంగస్థల కళలకూ జానపద కళలకూ శాఖలు తెరిచింది. 1988లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు పేరిట కళల విభాగం మొదలై నాటకం, నృత్యంలో స్నాతకోత్తర చదువు అందించింది.

ఈ తరగతుల్లో భరతుడి నాలుగు అభినయాలతో పాటు ఐరోపా రంగస్థల ప్రముఖులు స్టానిస్లావ్‌స్కీ, బ్రెహ్ట్‌ల పద్ధతులు, యక్షగానం, తోలుబొమ్మలాట, ఒగ్గుకథ పాఠాలయ్యాయి. పల్లె నుంచి వచ్చిన విద్యార్థి తన ఊరి భాగవతాన్ని సిలబస్‌లో చూసి తొలిసారి గర్వపడే అవకాశం కలిగింది. వృత్తికళాకారులను అతిథి గురువులుగా పిలిచి నేర్పించడం వల్ల మేళం చదువుకు విశ్వవిద్యాలయంలో చోటు దొరికింది.

వీధికి వెళ్ళినప్పుడు ఈ చదువు ఎలా పనికొస్తుందో ఒక ప్రదర్శన చూస్తే తెలుస్తుంది. సాయంత్రం ఆరు గంటలకు బస్టాండు కూడలిలో బృందం దిగుతుంది. ఎనిమిది మంది, నల్ల ప్యాంట్లు, ఒకే రంగు కుర్తాలు. ఒకరు డప్పు అందుకుంటారు. తోలు బిగుసుకోవడానికి ముందే మంట మీద కాచి ఉంటారు. దరువు వినగానే పిల్లలు పరిగెత్తుకొచ్చి ముందు వరుసలో కూర్చుంటారు. నటులు చేతులు పట్టుకుని వలయంగా తిరుగుతూ జనాన్ని వెనక్కి జరిపి ఆటస్థలం ఏర్పరుస్తారు. మొదటి పాట అయ్యేసరికి వంద మంది చేరతారు. లారీ హారన్ మోగితే మాట ఆపి, అది వెళ్ళాక అందుకోవాలి. తాగినవాడు వలయంలోకి వస్తే అతన్నే పాత్ర చేసుకుని, నొప్పించకుండా పక్కకు నడిపించాలి. చుట్టూ మనుషులే కాబట్టి ఎవరికి వీపు చూపినా ఆ వైపు వాళ్ళు వెళ్ళిపోతారు. అందుకే ప్రతి రెండు మూడు మాటలకూ నటుడు తిరుగుతూ ఉంటాడు. మైకు లేకుండా అరగంట మాట్లాడాలంటే గొంతు నుంచి కాక పొట్ట నుంచి శ్వాస తీయాలి. అలా నేర్చుకోని నటుడికి మూడో రోజుకు గొంతు పోతుంది.

అక్షరం నుంచి ఉద్యమానికి

శిక్షణ పొందిన వీధి కళాకారులకు పెద్ద ఎత్తున పని దొరికిన సందర్భం సాక్షరతా ఉద్యమం. 1988లో జాతీయ సాక్షరతా మిషన్ మొదలైంది. 1990లో భారత్ జ్ఞాన విజ్ఞాన జాతా దేశమంతా తిరిగింది. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమంలో కళాజాతా బృందాలు ఊరూరా వీధి నాటకాలు, పాటలు ప్రదర్శించాయి. స్థానిక యువతను ఎంపిక చేసి, శిబిరాల్లో తర్ఫీదునిచ్చి, జట్లుగా పంపారు. ప్రజానాట్యమండలి కాలపు శిబిర పద్ధతి మళ్ళీ ప్రాణం పోసుకుంది.

ఆ చదువుల్లో సారా వల్ల చితికిన కుటుంబాల కథలు ఆడవాళ్ళను ఆలోచింపజేశాయి. 1992లో ఆ జిల్లాలోని దూబగుంట మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. వారిని నడిపించిన వర్ధినేని రోశమ్మ దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. ఆ విజయం మహిళలది. వాళ్ళ బాధను వాళ్ళ కళ్ళ ముందు ఆడి చూపిన కళాజాతాకు అందులో వాటా ఉంది.

దశాబ్దం తర్వాత తెలంగాణ ఉద్యమంలో ఆటపాట మళ్ళీ ముందువరసలో నిలిచింది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం జానపద రూపాలన్నిటినీ ఒకే వేదిక మీదికి తెచ్చింది. రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ సాంస్కృతిక సారథి ఏర్పాటై, ఉద్యమ కళాకారులను జీతం మీద తీసుకుంది. వీధిలో పాడినవారికి నెలజీతం, ఉద్యోగి గుర్తింపు రావడం తెలుగు కళాచరిత్రలో చిన్న విషయం కాదు.

వృత్తిగా వీధి నాటకం

మిరాశీ పోయాక వీధి కళాకారుడి జీతభత్యాల బాధ్యత ఎక్కువగా ప్రభుత్వం మీద, స్వచ్ఛంద సంస్థల మీద పడింది. 1954లో కేంద్ర ప్రభుత్వం పాటలు, నాటకాల విభాగాన్ని ఏర్పరచి, బృందాలను నమోదు చేసుకుని ప్రదర్శనకు ఇంత అని చెల్లించే పద్ధతి తెచ్చింది. 2017లో ఆ విభాగం ఇతర ప్రచార విభాగాలతో కలిసిపోయింది. కుటుంబ నియంత్రణ, ఎయిడ్స్, బాల్యవివాహాలు, ఓటుహక్కు, రోడ్డు భద్రత వంటి అంశాలపై కళాజాతాలు నడుస్తూనే ఉన్నాయి. రంగస్థల కళల్లో పట్టా పొందినవారు ఇలాంటి బృందాలకు దర్శకులుగా, రచయితలుగా, శిక్షకులుగా పనిచేస్తున్నారు. కొందరు పాఠశాలల్లో నాటకం నేర్పుతూ, సెలవుల్లో బృందం కడుతున్నారు. మరికొందరు సినిమాకో టీవీకో వెళ్ళి, మధ్యలో వీధికి తిరిగివస్తున్నారు.

ఈ దారిలో ఇబ్బందులు తక్కువేమీ కావు. పని ఏడాది పొడవునా ఉండదు. ప్రచార కార్యక్రమం ముగిస్తే చెల్లింపు కోసం కార్యాలయాల చుట్టూ తిరగాల్సి వస్తుంది. డబ్బిచ్చేవారి సందేశమే నాటకం అయిపోతే, జనం నాలుగు మాటలు విని వెళ్ళిపోతారు. కూడలిలో ఆడటానికి పోలీసు అనుమతి కావాలి. ఆడపిల్ల వీధిలో ఆడతానంటే ఇంట్లో ఒప్పించడం ఈనాటికీ సులువు కాదు. మేళం నుంచి వచ్చిన కళాకారుడికి ధ్రువపత్రం ఉండదు. పట్టా ఉన్న కళాకారుడికి కొన్నిసార్లు వీధి అనుభవం ఉండదు.

చరిత్ర చూపే పరిష్కారం ఈ ఇద్దరినీ కలపడమే. కూచిపూడిలో శాస్త్రం, వీధి కలిసి ఉన్నంతకాలం భాగవతులు రాజునే కదిలించారు. ప్రజానాట్యమండలి శిబిరంలో చదువుకున్న యువకుడూ వృత్తికళాకారుడూ ఒకచోట కూర్చున్నందుకే బుర్రకథ రాష్ట్రమంతటా మోగింది. నెల్లూరులో శిక్షణ, సమస్య, వీధి ఒక్కచోట చేరినందుకే నాటకం ఉద్యమానికి ఊపిరైంది. కాబట్టి రంగస్థల కళల శాఖల్లో వీధి నాటకం ఒక పాఠంగా ఆగకూడదు. చిందు, ఒగ్గు, బుర్రకథ కళాకారులు అక్కడ జీతం తీసుకునే గురువులు కావాలి. విద్యార్థి చదువులో కనీసం ఒక కాలం ఊరి కూడళ్ళలో గడవాలి. అప్పుడు పట్టా చేతబట్టుకున్న పిల్లవాడు డప్పు చేతబట్టుకోవడానికి సిగ్గుపడడు, డప్పు పట్టి పెరిగిన పిల్లవాడికి పట్టా అందనంత దూరంలో ఉండదు.